జోసెఫ్ కల్మన్: సిగరెట్ కంపెనీ అధిపతికి టెన్నిస్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు సబబేనా?

బేస్‌లైన్ బాబ్జీ

నేను ఇరవై రెండేళ్లుగా పిల్లలకు టెన్నిస్ నేర్పుతున్నాను. మొన్న మా దగ్గర ఆడే ఎనిమిదో తరగతి అమ్మాయి బడి ప్రాజెక్టు కోసం మహిళల టెన్నిస్ చరిత్ర రాసుకొచ్చింది. అందులో వర్జీనియా స్లిమ్స్ అన్న పేరు దగ్గర వేలు పెట్టి, "సార్, ఇది సిగరెట్ పేరట కదా, ఆడపిల్లల ఆటకు ఈ పేరెందుకు పెట్టారు?" అని అడిగింది. నాకు సరైన జవాబు తోచలేదు. ఇంటికి వచ్చి నాలుగు రోజులు చదివాక ఆ పేరు వెనుక ఉన్న మనిషి కనిపించాడు.

జోసెఫ్ కల్మన్ 1912లో న్యూయార్క్‌లో, తరతరాలుగా సిగార్లు, పొగాకు వ్యాపారం చేస్తున్న కుటుంబంలో పుట్టాడు. యేల్ విశ్వవిద్యాలయంలో చదివి, రెండో ప్రపంచ యుద్ధంలో నౌకాదళ అధికారిగా పసిఫిక్‌లో పనిచేసి, తిరిగి వచ్చి కుటుంబానికి చెందిన బెన్సన్ అండ్ హెడ్జెస్‌లో చేరాడు. 1954లో ఆ కంపెనీని ఫిలిప్ మోరిస్ కొనుక్కోవడంతో ఆయనా అక్కడికి వెళ్లి, 1957 నుంచి 1978 దాకా ఆ కంపెనీని నడిపాడు. వర్జీనియా స్లిమ్స్ ఆ కంపెనీ సిగరెట్టే. మరోవైపు ఆయనకు టెన్నిస్ అంటే ప్రాణం. 1969లోనూ 1970లోనూ యూఎస్ ఓపెన్‌కు ఛైర్మన్‌గా ఉన్నాడు, 1980లలో ఆటకు పేరు తెచ్చినవాళ్లను గౌరవించే, అమెరికాలో న్యూపోర్ట్‌లోని టెన్నిస్ హాల్ ఆఫ్ ఫేమ్‌కు అధ్యక్షత వహించాడు, 1990లో అదే హాల్ ఆఫ్ ఫేమ్‌లో తానూ చేరాడు.

ఊపిరితిత్తుల బలంతో ఆడే ఆటలో, ఊపిరితిత్తులను పాడుచేసే సరుకు అమ్మిన మనిషికి ఈ గౌరవం ఇవ్వవచ్చా? ఆ అమ్మాయికి నేనేమని చెప్పాలి?

లెక్కల మాస్టారు

ఇవ్వకూడదు. 1964 జనవరిలో అమెరికా సర్జన్ జనరల్ (ప్రభుత్వ ప్రధాన ఆరోగ్యాధికారి) నివేదిక పొగతాగడానికీ ఊపిరితిత్తుల క్యాన్సర్‌కూ సంబంధం ఉందని తేల్చి చెప్పింది. కల్మన్ ఆ తర్వాత పద్నాలుగేళ్లు అదే కుర్చీలో కూర్చున్నాడు. తెలియక చేసిన పని కాదు కాబట్టి నాకు ఇందులో రెండో ఆలోచన లేదు.

న్యూజెర్సీ నాగమణి

మాస్టారి మాటను కాదనను కానీ, 1970లో ఆడవాళ్ల టెన్నిస్ ఎలా ఉండేదో కూడా చూడాలి. ఆ సెప్టెంబరులో లాస్ ఏంజెలెస్‌లో జరగబోయే పసిఫిక్ సౌత్‌వెస్ట్ టోర్నీలో పురుషుల విజేతకు 12,500 డాలర్లు, స్త్రీల విజేతకు 1,500 డాలర్లు అని నిర్వాహకుడు జాక్ క్రేమర్ ప్రకటించాడు. బిల్లీ జీన్ కింగ్, రోజీ కజాల్స్ మొదలైనవాళ్లు ఈ అన్యాయాన్ని వరల్డ్ టెన్నిస్ పత్రిక సంపాదకురాలు గ్లాడిస్ హెల్డ్‌మన్ ముందు పెట్టారు. ఆమె హ్యూస్టన్‌లో స్త్రీలకు విడిగా ఒక టోర్నీ తలపెట్టి, డబ్బు కోసం తన స్నేహితుడైన కల్మన్‌ను అడిగింది, ఆయన ఒప్పుకున్నాడు. 1970 సెప్టెంబరు 23న తొమ్మిది మంది క్రీడాకారిణులు తలా ఒక డాలరు తీసుకుని హెల్డ్‌మన్‌తో ఒప్పందం మీద సంతకం చేశారు. ఆ ఒక్క డాలరు కాగితాన్ని చేత పట్టుకుని వాళ్లు దిగిన ఫోటో ఇప్పటికీ చూస్తూనే ఉంటాము.

అమెరికా టెన్నిస్ సంఘం వాళ్లను సస్పెండ్ చేస్తామని బెదిరిస్తున్న రోజులవి. అప్పుడు ఎవరు ముందుకు వచ్చారన్నది లెక్కలోకి రావాలి. మరుసటి ఏడాదే బిల్లీ జీన్ ఒక్క సంవత్సరంలో లక్ష డాలర్ల బహుమతి సొమ్ము దాటింది. అంతకుముందు ఏ క్రీడాకారిణీ ఆ మొత్తం చూడలేదు.

రాకెట్ రాణి

నాగమణి గారు చెప్పిన తొమ్మిది మంది పేర్లూ మా అమ్మాయికి కంఠస్థం: బిల్లీ జీన్ కింగ్, రోజీ కజాల్స్, నాన్సీ రిచీ, పీచెస్ బార్ట్‌కోవిచ్, క్రిస్టీ పిజన్, వాలరీ జీగెన్‌ఫస్, జూలీ హెల్డ్‌మన్, కెర్రీ మెల్విల్, జూడీ డాల్టన్. చివరి ఇద్దరూ ఆస్ట్రేలియావాళ్లు, జూలీ ఆ గ్లాడిస్ గారి కూతురు. హ్యూస్టన్‌లో గెలిచింది కజాల్స్.

పాతపత్రికల ప్రసాదు

నాగమణి గారి కథనంలో ఒక తేదీ చేరిస్తే బొమ్మ కొంత మారుతుంది. రేడియోలోనూ టీవీలోనూ సిగరెట్ ప్రకటనలు నిషేధించే చట్టం మీద అధ్యక్షుడు నిక్సన్ 1970 ఏప్రిల్ 1న సంతకం చేశాడు. నిషేధం 1971 జనవరి 2 నుంచి అమలులోకి రావాలి. జనవరి 1న కాకుండా రెండో తేదీన ఎందుకంటే, కొత్త సంవత్సరం నాటి ఫుట్‌బాల్ మ్యాచ్‌ల మధ్య చివరిసారిగా ప్రకటనలు వేసుకోవడానికి కంపెనీలకు వీలు కల్పించారు. ఆ గడువులో అర్ధరాత్రికి ఒక్క నిమిషం ముందు, జానీ కార్సన్ టీవీ కార్యక్రమంలో ప్రసారమైన చిట్టచివరి సిగరెట్ ప్రకటన ఏదనుకుంటున్నారు? వర్జీనియా స్లిమ్స్‌దే.

అంటే హ్యూస్టన్‌లో తొమ్మిది మంది సంతకం చేసే నాటికి, ఇంకో మూడు నెలల్లో టీవీ తలుపు మూసుకుపోతుందని కల్మన్‌కు తెలుసు. ప్రకటనల కోసం పెట్టే డబ్బుకు వేరే దారి కావాలి. టోర్నీ పేరులోనే సిగరెట్ పేరు ఉంటే, ఆట వార్త చదివిన ప్రతిచోటా, స్కోరు చెప్పిన ప్రతిసారీ ఆ పేరు పలకక తప్పదు. ఆటకు చేసిన మేలు నిజమే అయినా, అది సమయం చూసి పెట్టిన పెట్టుబడి అని కూడా ఒప్పుకోవాలి.

న్యూజెర్సీ నాగమణి

ప్రసాదు గారూ, పెట్టుబడి కాదని నేను అనలేదు. అయితే ఆ డబ్బును గోల్ఫ్‌కో కార్ల పందాలకో ఇచ్చి ఉండవచ్చు. ఎవరూ ముట్టుకోని స్త్రీల టెన్నిస్‌కు ఇవ్వడంలో ఆయనకు ఆట మీద ఉన్న అభిమానం లేదంటారా?

పాతపత్రికల ప్రసాదు

అభిమానం ఉంది. అయితే ఆ అభిమానం ఎంతవరకు వెళ్లిందో ఆయన సొంత టోర్నీయే చెబుతుంది. 1970లో ఆయన ఛైర్మన్‌గా ఉన్న యూఎస్ ఓపెన్‌లో పురుషుల విజేత కెన్ రోజ్‌వాల్‌కు 20,000 డాలర్లు ఇచ్చారు. అదే ఏడాది నాలుగు గ్రాండ్‌స్లామ్‌లూ గెలిచిన మార్గరెట్ కోర్ట్‌కు ఇచ్చింది 7,500. హ్యూస్టన్ సంతకాలు ఆ టోర్నీ ముగిసిన పది రోజులకే జరిగాయి. క్రేమర్ అంత ఘోరం కాకపోయినా, కల్మన్ అధ్యక్షతలోనూ స్త్రీకి దక్కింది సగం కూడా కాదు. యూఎస్ ఓపెన్‌లో సమాన బహుమతి 1973లో వచ్చింది, అదీ వేరే కంపెనీ ముందుకొచ్చి లోటు పూడ్చాకనే.

బేస్‌లైన్ బాబ్జీ

ఈ లెక్క నాకు తెలియదు, చదివి మనసు కలుక్కుమంది. ఒక ఆటగాడిగా ఆ రెండు సంవత్సరాల గురించి ఒక మాట మాత్రం చెప్పాలి. 1969లో రాడ్ లేవర్ ఒకే ఏడాది నాలుగు పెద్ద టోర్నీలూ గెలిచి తన రెండో గ్రాండ్‌స్లామ్ పూర్తిచేసిందీ, మరుసటి ఏడాది మార్గరెట్ కోర్ట్ అదే పూర్తిచేసిందీ, సమంగా సాగే సెట్‌ను తేల్చే టైబ్రేక్ యూఎస్ ఓపెన్‌లో మొదలైందీ, అప్పట్లో ఆ టోర్నీ జరిగే ఫారెస్ట్ హిల్స్‌లో కల్మన్ ఛైర్మన్‌గా ఉండగానే. ఆట మారుతున్న గడియలో ఆయన అక్కడ ఉన్నాడు.

సిక్కోలు దంతవైద్యురాలు

ఇంతసేపూ బహుమతి సొమ్ము గురించే మాట్లాడుకుంటున్నాము. ఆ సిగరెట్ ఎవరికోసం తయారైందో ఒక్కసారి ఆలోచించండి. వర్జీనియా స్లిమ్స్‌ను 1968లో స్త్రీల కోసమే ప్రత్యేకంగా, మామూలు వాటికన్నా సన్నగా తయారుచేసి విడుదల చేశారు. అమ్మమ్మల కాలంలో దొంగచాటుగా పొగతాగి తిట్లు తిన్న స్త్రీ ఇప్పుడు ఎంత దూరం వచ్చిందో చూడమని ప్రకటనల సారాంశం. స్వేచ్ఛకు గుర్తుగా సిగరెట్‌ను చేతిలో పెట్టారు. ఆ పక్కనే, నిజంగానే స్వేచ్ఛ కోసం పోరాడుతున్న తొమ్మిది మంది ఆడవాళ్లు నిలబడ్డారు. ఇంతకన్నా విలువైన ప్రకటన డబ్బుతో దొరకదు.

మా ప్రాంతంలో స్త్రీలు పొగతాగడానికి ఏ ప్రకటనా అవసరం లేకపోయింది. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ తీరం వెంట అడ్డపొగ అలవాటు ఉన్న అవ్వలను నేను ఇప్పటికీ చూస్తున్నాను. చుట్ట నిప్పు ఉన్న కొసను నోట్లో పెట్టుకుని కాలుస్తారు. పనిలో ఉండగా గాలికి ఆరిపోకుండా ఉంటుందని కొందరు, బూడిద బిడ్డ మీద పడదని కొందరు చెబుతారు. వాళ్ల అంగిలి తెల్లబారి, ఎర్రటి చుక్కలు లేచి, కొందరిలో అది పుండుగా, ఆ పుండు క్యాన్సర్‌గా మారుతుంది. నా దగ్గరకు వచ్చిన ఒక మత్స్యకారుల ఇంటి అవ్వ, అంగిలిలో రంధ్రం పడి తాగిన గంజి ముక్కులోంచి వస్తున్నా, చుట్ట మానమంటే ఏడ్చింది. పొగాకు ఆడదానికి స్వేచ్ఛ ఇస్తుందన్న మాట విన్నప్పుడల్లా నాకు ఆ అవ్వ ముఖం గుర్తుకొస్తుంది.

రాకెట్ రాణి

డాక్టర్ గారి పోస్టు చదివాక కాసేపు ఏమీ రాయలేకపోయాను.

లెక్కల మాస్టారు

డాక్టర్ గారి మాటకు జతగా ఒక సంఘటన చెప్పాలి. ప్రసాదు గారు చెప్పిన ఆ చివరి ప్రకటన ప్రసారమైన రెండు రోజులకు, 1971 జనవరి 3 ఆదివారం నాడు, కల్మన్ సీబీఎస్ టీవీ ముఖాముఖిలో కూర్చున్నాడు. గర్భిణులు పొగతాగితే బిడ్డలు తక్కువ బరువుతో పుడుతున్నారన్న పరిశోధన గురించి అడిగారు. బిడ్డలు చిన్నగా ఉన్నా ఆరోగ్యంగానే ఉంటారని, కొందరు స్త్రీలు చిన్న బిడ్డలనే కోరుకుంటారని ఆయన జవాబిచ్చాడు. నేను కవల పిల్లల తండ్రిని, ఇద్దరూ నెలలు నిండకుండానే తక్కువ బరువుతో పుట్టారు. ఇరవై ఆరు రోజులు అద్దాల పెట్టె బయట నిలబడి చూసినవాడికి ఆ జవాబు ఎలా తగులుతుందో వేరే చెప్పనక్కరలేదు. ఆ ఒక్క వాక్యం చాలు, నా ఓటు "కూడదు".

కొండపి రైతుబిడ్డ

ఇక్కడ నా మాట ఎవరికీ రుచించకపోవచ్చు. మాది ప్రకాశం జిల్లా. మా తాత, మా నాన్న వర్జీనియా పొగాకు పండించారు, నా చదువు ఆ ఆకుతోనే సాగింది. వర్జీనియా అన్న పేరు ఆ సిగరెట్‌లోనూ ఉంది, మా పొలంలోనూ ఉంది. 1920లలో గుంటూరు చుట్టుపక్కల మొదలైన ఈ పంట మా వైపు మెట్ట నేలలకు పాకింది. పొగాకు బోర్డు కూడా గుంటూరులోనే ఉంది.

బ్యారన్‌లో, అంటే పొగాకును వేడితో ఆరబెట్టే కొట్టంలో, ఆకు పండేటప్పుడు రాత్రంతా మంట చూసుకుంటూ కూర్చోవడం ఏమిటో నాకు తెలుసు. వేడి కొంచెం తప్పితే ఆకు నల్లబడుతుంది, బేలుకు, అంటే పొగాకు మూటకు, ధర పడిపోతుంది. తెల్లవారుజామున మంచుకు తడిసిన ఆకు కోసిన కూలీలు వాంతులతో పడుకోవడం చూశాను. వేలం కేంద్రంలో బేలు మీద కొనేవాళ్లు లేరని నోబిడ్ చీటీ పెట్టి వెళ్లిపోతే, మా నాన్న ఆ బేలు పక్కనే కూలబడి మాట్లాడకుండా ఉండిపోయిన రోజు నాకు గుర్తు. 2015లో ధరలు పడిపోయినప్పుడు మా జిల్లాలోనూ పశ్చిమ గోదావరిలోనూ రైతులు ప్రాణాలు తీసుకున్నారు.

కల్మన్ చెడ్డవాడనడం సులువు. ఆయన డబ్బు తీసుకున్న క్రీడాకారిణులను ఎవరూ చెడ్డవాళ్లనడం లేదు, అనకూడదు కూడా, ఎందుకంటే వాళ్లకు అప్పుడు వేరే దారి లేదు. ఆ మినహాయింపే మాకూ ఇవ్వమని నా మనవి. కల్మన్‌కు మాత్రం వేరే దారులు చాలా ఉన్నాయి.

న్యూజెర్సీ నాగమణి

రైతుబిడ్డ గారి చివరి రెండు వాక్యాలు నేను మొదట రాసిన దానికి సరైన సవరణ. క్రీడాకారిణులకు దారి లేదన్నది నా వాదన. దాన్ని కల్మన్‌కు కూడా వర్తింపజేసినట్లు రాయడం నా పొరపాటు.

సర్వీస్ రిటర్న్ సలీం

ఒక విషయం మీరెవరూ ప్రస్తావించలేదు. నల్లజాతి టెన్నిస్ ఆటగాడు ఆర్థర్ యాష్ కూడా ఫిలిప్ మోరిస్‌లో ఉద్యోగం చేశాడు, కల్మన్ ఆయనకు అండగా నిలిచాడు. యాష్ పుట్టి పెరిగిన రిచ్‌మండ్‌లోనే ఆ కంపెనీ సిగరెట్లు తయారుచేసేది. ఆ ఊళ్లోనే, నల్లవాడు కాబట్టి బర్డ్ పార్క్ టెన్నిస్ కోర్టుల్లోకి యాష్‌ను రానివ్వలేదు. 1968లో యూఎస్ ఓపెన్ గెలిచి కూడా బహుమతి డబ్బు తీసుకోని అమెచ్యూర్ కావడంతో 14,000 డాలర్ల బహుమతి తీసుకోలేకపోయిన మనిషికి నిలకడగా ఒక జీతం ఉండటం చిన్న సంగతి కాదు. నల్లవారి సంస్థకు విరాళమిచ్చిందన్న కోపంతో దక్షిణాది శ్వేతజాతి దురభిమానులు 1950లలో ఆ కంపెనీ సిగరెట్లను బహిష్కరించారు కూడా. వర్ణవివక్ష విషయంలో కల్మన్ తన కాలంలోని చాలామంది వ్యాపారులకన్నా ముందున్నాడు. మనిషిని తూచేటప్పుడు దీన్ని పక్కన పెట్టలేము.

లెక్కల మాస్టారు

సలీం గారు చెప్పింది మంచి పనే. అయినా సిగరెట్‌కు నల్లవారి ఊపిరితిత్తులూ తెల్లవారి ఊపిరితిత్తులూ ఒకటే.

సర్వీస్ రిటర్న్ సలీం

ఒప్పుకుంటాను. మా నాన్న రోజుకు రెండు పెట్టెలు కాల్చేవారు, యాభై నాలుగేళ్లకే పోయారు. ఆయన కాల్చిన పెట్టె మీద ఏ టెన్నిస్ బొమ్మా లేదు కానీ, 1996లో ఇంట్లో అందరం కూర్చుని చూసిన క్రికెట్ ప్రపంచ కప్పు పేరు ఆ పెట్టె మీద ఉన్న పేరే: విల్స్. విశాఖలో కెన్యా మీద మార్క్ వా శతకం కొట్టిన మ్యాచ్‌ను నాన్న పక్కన కూర్చుని చూశాను. ఆటగాళ్ల చుట్టూ, మైదానం చుట్టూ ఆ పేరే ఉండేది. పదకొండేళ్ల నాకు అది సిగరెట్ పేరు కాదు, క్రికెట్ పేరు. కల్మన్ వాడిన ఉపాయం ఎంత బలమైనదో నేను పుస్తకాల్లో చదివి తెలుసుకోలేదు.

పాతపత్రికల ప్రసాదు

సలీం గారి మాట చదివాక ఒక తేదీ రాయకుండా ఉండలేకపోతున్నాను. మన దేశంలో పొగాకు కంపెనీలు ఆటలను స్పాన్సర్ చేయడాన్నీ, పొగాకు ప్రకటనలనూ నిషేధించిన 2003 చట్టంలోని నిబంధనలు 2004 మే 1న అమలులోకి వచ్చాయి. కల్మన్ తొంభై రెండేళ్ల వయసులో 2004 ఏప్రిల్ 30న చనిపోయాడు.

రాకెట్ రాణి

ఆయన ఆటలు టెన్నిస్‌తోనే ఆగలేదు. సాల్మన్ చేపలను గాలంతో పట్టడం ఆయనకు టెన్నిస్ అంతటి ఇష్టం. అట్లాంటిక్ సాల్మన్ అంతరించిపోకుండా కాపాడే సంస్థల్లో చివరిదాకా పనిచేశాడు, డబ్బు ఇచ్చాడు. నదిలో చేప తగ్గిపోతోందంటే శాస్త్రజ్ఞుల లెక్కలు నమ్మిన మనిషి, గర్భిణుల మీద చేసిన పరిశోధన ముందుకొస్తే అలా జవాబిచ్చాడు. నేను ఇక్కడే ఆగిపోతున్నాను, ముందుకు ఆలోచన సాగడం లేదు.

సిక్కోలు దంతవైద్యురాలు

రాణి గారూ, ఆ రెండూ ఒకే మనిషిలో ఉండటం నాకు వింతగా అనిపించదు. చేప తగ్గితే ఆయనకు నష్టం, సిగరెట్ తగ్గినా ఆయనకే నష్టం.

న్యూజెర్సీ నాగమణి

వర్జీనియా స్లిమ్స్ పేరుతో ఏడాది చివరి ఛాంపియన్‌షిప్ 1994 దాకా న్యూయార్క్‌లో సాగింది. బిల్లీ జీన్ కింగ్ 1999లో ఫిలిప్ మోరిస్ డైరెక్టర్ల బోర్డులో చేరినప్పుడు పొగాకు వ్యతిరేక సంఘాలు ఆమెను విమర్శించాయి. 1970లో ఆమెకు దారి లేదని రైతుబిడ్డ గారితో పాటు నేనూ అంటాను. 1999లో ఆమెకు దారి లేదని మాత్రం అనలేను. ఆమెను ప్రాణంగా అభిమానించేదాన్ని కాబట్టి ఈ మాట రాయడానికి నాకు కష్టంగా ఉంది.

విశాఖ వాలీ

2005 ఫిబ్రవరిలో హైదరాబాదులో సానియా మీర్జా గెలిచిన టైటిల్‌ను మరవకండి. డబ్ల్యూటీఏ (మహిళల టెన్నిస్ సంఘం) సింగిల్స్ టైటిల్ గెలిచిన తొలి భారతీయురాలు ఆమె. ఆ డబ్ల్యూటీఏ 1973లో పుట్టింది, దానికి పునాది హ్యూస్టన్‌లో పడింది. అయితే హైదరాబాదు టోర్నీకి సిగరెట్ పేరు లేదు, అయినా స్టేడియం నిండింది. ఆ రోజు నేను అక్కడే ఉన్నాను.

కొండపి రైతుబిడ్డ

వాలీ గారు రాసిన దాంట్లోనే బాబ్జీ గారి విద్యార్థినికి జవాబు సగం ఉందనిపిస్తోంది. ఆ పేరు లేకుండానే ఆట నడుస్తుందని తర్వాత తేలింది. మా ఊళ్లోనూ కొందరు పొగాకు మాని శనగ, జామాయిల్ వేసుకున్నారు, కొందరు నష్టపోయి మళ్లీ బ్యారన్ వెలిగించారు. మానడానికి కావలసిన సాయం ఆటకు దొరికినట్లు రైతుకు దొరకలేదు.

బేస్‌లైన్ బాబ్జీ

అందరూ రాసినవి రెండుసార్లు చదివాను. నిన్న సాయంత్రం సాధన అయ్యాక ఆ అమ్మాయిని కూర్చోబెట్టి మాట్లాడాను. ఆ కాలంలో ఆడవాళ్లకు సరైన బహుమతి ఇచ్చేవాళ్లు లేరని, ఒక సిగరెట్ కంపెనీ పెద్దమనిషి ఇచ్చాడని, ఆయనకు ఆట ఇష్టమేనని, అయితే ఆ డబ్బు ఇచ్చింది తన సిగరెట్‌ను ఆడవాళ్ల చేతిలో పెట్టడానికేనని చెప్పాను. 20,000, 7,500 లెక్క కూడా చెప్పాను. డాక్టర్ గారి అవ్వ సంగతి చెబుతుంటే నా గొంతు పట్టేసింది.

హాల్ ఆఫ్ ఫేమ్ సంగతి ఆమే అడిగింది. నా అభిప్రాయం అడిగితే, పేరు తీసేయనక్కరలేదు కానీ ఆ పేరు కింద ఆయన ఏ సరుకు అమ్మాడో, 1971లో టీవీలో ఏమన్నాడో కూడా రాసి ఉండాలన్నాను. మాస్టారు ఒప్పుకోరని నాకు తెలుసు. ఆ అమ్మాయి తన ప్రాజెక్టులో ఆ తొమ్మిది మంది ఫోటో అతికించి, కింద తొమ్మిది పేర్లూ, మరో పేజీలో అడ్డపొగ గురించి రాసుకుంది. కల్మన్ పేరు పెన్సిల్‌తో రాసి, పక్కన ప్రశ్నార్థకం పెట్టి, మళ్లీ అడుగుతానని వెళ్లింది.

లెక్కల మాస్టారు

ఒప్పుకోను. అయితే ఆ ప్రశ్నార్థకాన్ని చెరిపించకండి.